ఆటోమేషన్ టెస్టుల్లో పాస్‌వర్డ్‌లు ఎక్కడ పెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

సాఫ్ట్‌వేర్‌ని ఆటోమేటిక్‌గా పరీక్షించే సెలీనియం, ప్లేరైట్, సైప్రెస్, రెస్ట్ అష్యూర్డ్ లాంటి టూల్స్‌తో టెస్టులు రాసేవాళ్ళ కోసం ఈ పేజీ. అప్లికేషన్ కోడ్‌లో పాస్‌వర్డ్ కనిపిస్తే రివ్యూలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. టెస్ట్ కోడ్‌ని మాత్రం చాలా టీముల్లో అంత పట్టించుకుని చూడరు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఇది టెస్ట్ ఎకౌంటే కదా, పాస్‌వర్డ్ కోడ్‌లో ఉంటే పోయేదేముంది?

ఆ ఎకౌంట్‌తో ఏమేం చేయొచ్చో ముందు చూడండి. చాలా ప్రాజెక్టుల్లో ఆటోమేషన్ యూజర్‌కి అడ్మిన్ రోల్ ఇచ్చేస్తారు. అన్ని స్క్రీన్‌లూ టెస్ట్ చేయాలి, ప్రతిసారీ పర్మిషన్ కోసం టికెట్ వేసే ఓపిక ఎవరికీ ఉండదు. స్టేజింగ్‌లోకి (రిలీజ్‌కి ముందు పరీక్షించే సిస్టమ్) ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) డేటాబేస్ కాపీ తెచ్చి పెట్టడమూ మామూలే. అంటే పేరుకి అది టెస్ట్ ఎకౌంట్, లాగిన్ అయితే కనిపించేవి నిజమైన కస్టమర్ల ఫోన్ నంబర్లు. రిలీజ్ తర్వాత స్మోక్ టెస్ట్ (ముఖ్యమైనవి పనిచేస్తున్నాయో లేదో చూసే త్వరిత పరీక్ష) కోసమని అదే యూజర్‌ని ప్రొడక్షన్‌లోనూ క్రియేట్ చేసి, గుర్తుంటుందని అదే పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ఇక చెప్పేదేముంది.

పైగా టెస్ట్ కోడ్ చేతులు మారినంతగా అప్లికేషన్ కోడ్ మారదు. వెండర్‌కి ఇస్తారు, కాంట్రాక్టర్‌కి ఇస్తారు, కొత్త ప్రాజెక్టు మొదలైతే 'పాత ఫ్రేమ్‌వర్క్ కాపీ చేసుకో' అంటారు. ఇంటర్వ్యూలో చూపించడానికి పనికొస్తుందని ఆఫీసు ఫ్రేమ్‌వర్క్‌నే కొద్దిగా మార్చి తమ సొంత గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైట్) ఎకౌంట్‌లో పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. క్లాసుల పేర్లు మారుస్తారు, ప్యాకేజీ పేరు మారుస్తారు, రిసోర్సెస్ ఫోల్డర్ తెరిచి చూడరు.

మా రిపోజిటరీ (ప్రాజెక్టు కోడ్ దాచే చోటు) ప్రైవేట్. బయటివాళ్ళు చూడలేరు కదా?

2016లో ఉబర్ డేటా పోయింది ప్రైవేట్ రిపోజిటరీ నుంచే. వేరే సైట్ల నుంచి లీకైన పాస్‌వర్డ్‌లతో దుండగులు ఉబర్ ఉద్యోగుల గిట్‌హబ్ ఎకౌంట్లలోకి వెళ్ళారు. అక్కడ కోడ్‌లో మామూలు అక్షరాల్లో రాసి ఉన్న అమెజాన్ క్లౌడ్ కీ దొరికింది. దాంతో 5.7 కోట్ల మంది వివరాలు చేతికి చిక్కాయి. సంగతి లోకానికి తెలిసింది 2017 నవంబరులో.

టయోటాది ఇంకో రకం. కార్లకు ఇంటర్నెట్ సేవలందించే టీ-కనెక్ట్ సైట్ కోడ్‌లో కొంత భాగాన్ని ఒక సబ్‌కాంట్రాక్టర్ 2017 డిసెంబరులో గిట్‌హబ్‌లో పెడితే, అది పబ్లిక్‌గా ఉండిపోయింది. అందులో డేటా సర్వర్‌కి వెళ్ళే కీ ఉంది. కంపెనీ 2022 సెప్టెంబరులో గమనించేదాకా, అంటే దాదాపు 5 ఏళ్ళు, ఎవరూ చూడలేదు. 2,96,019 మంది కస్టమర్ల ఈమెయిళ్ళు బయటపడి ఉండొచ్చని వాళ్ళే ప్రకటించారు.

రిపోజిటరీ ప్రైవేట్‌గా ఉండటం మంచిదే. కానీ అది ఇవాళ్టి సెట్టింగ్ మాత్రమే. రేపు ఎవరో ఒక్క క్లిక్‌తో మార్చొచ్చు. ఈలోగా క్లోన్ చేసుకున్న ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఒక కాపీ ఉంటుంది.

కోర్సులో కాన్ఫిగ్ ప్రాపర్టీస్ ఫైల్‌లో పెట్టమన్నారు. అది తప్పా?

యూఆర్‌ఎల్, బ్రౌజర్ పేరు, టైమౌట్ లాంటివి అక్కడ పెట్టడం సరైనదే. పాస్‌వర్డ్ కూడా అక్కడే పెట్టి ఆ ఫైల్‌ని కమిట్ చేస్తే (రిపోజిటరీ హిస్టరీలో నమోదు చేస్తే), కోడ్‌లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపినట్టే తప్ప బయటికి తీసినట్టు కాదు.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిందే. అమీర్‌పేటలో నేర్చుకున్నా ఆన్‌లైన్‌లో నేర్చుకున్నా మొదటి స్క్రిప్ట్ ఏ సాస్‌డెమో లాగిన్ పేజీ మీదో ఉంటుంది. అక్కడ యూజర్ పేరు, పాస్‌వర్డ్ లాగిన్ పేజీలోనే అందరికీ కనిపించేలా రాసి ఉంటాయి. ప్రాక్టీసు సైట్ కాబట్టి కోడ్‌లో నేరుగా రాసినా నష్టం లేదు. తర్వాత ఉద్యోగంలో చేరాక అదే లాగిన్ పేజ్ క్లాస్ వస్తుంది, అదే ప్రాపర్టీస్ ఫైల్ వస్తుంది, ఈసారి అందులో ఉండేది మాత్రం క్లయింట్ పాస్‌వర్డ్. నా ఉద్దేశంలో సెలీనియం నేర్పేవాళ్ళు రెండో క్లాసులోనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కోడ్ బయట, ఆపరేటింగ్ సిస్టమ్‌లో సెట్ చేసే విలువ) నుంచి చదవడం చూపించాలి. పది నిమిషాల పని.

ప్రాపర్టీస్ ఫైల్ ఒక్కటే కాదు, జనం వెతకడం మరిచిపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. డేటా డ్రివెన్ టెస్టుల ఎక్సెల్ షీట్లు ముందు చూడండి. ఎక్సెల్ బైనరీ ఫైల్ కాబట్టి మామూలు టెక్స్ట్ సెర్చ్‌కి దొరకదు, రివ్యూలో మార్పులూ కనిపించవు. టెస్ట్‌ఎన్‌జీ ఎక్స్‌ఎంఎల్‌లో పారామీటర్లు, జేమీటర్ స్క్రిప్టులు, పోస్ట్‌మన్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన కలెక్షన్లు కూడా అంతే. టెస్టులని మామూలు వాక్యాల్లో రాసే కుకుంబర్ ఫీచర్ ఫైళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ చక్కగా వాక్యంలో కూర్చి రాస్తారు. అక్కడ 'అడ్మిన్‌గా లాగిన్ అయినప్పుడు' అని రోల్ పేరు మాత్రం రాసి, ఆ రోల్‌కి పాస్‌వర్డ్ తెచ్చే పని స్టెప్ డెఫినిషన్‌కి (ఆ వాక్యం వెనక నడిచే కోడ్) వదిలేయండి. చదవడానికీ అదే బాగుంటుంది.

బేస్64 చేసి పెడితే సరిపోదా?

సరిపోదు. బేస్64 అంటే అక్షరాలని వేరే రూపంలో రాయడమే, దానికి కీ ఉండదు, ఎవరైనా వెనక్కి తిప్పగలరు. కొన్ని టీముల్లో నిజంగానే ఏఈఎస్ అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసి, డీక్రిప్ట్ చేసే కీని అదే రిపోజిటరీలో యుటిలిటీ క్లాస్‌లో రాస్తారు. ఇంటికి తాళం వేసి తాళంచెవిని అదే తలుపుకి తగిలించి వెళ్ళినట్టు. ఎన్‌క్రిప్షన్ వాడాలనుకుంటే కీ రిపోజిటరీ బయట ఉండాలి. కీని బయట దాచే ఏర్పాటు చేసుకున్నాక, చాలా సందర్భాల్లో పాస్‌వర్డ్‌నే నేరుగా అక్కడ దాచుకోవచ్చు.

మరి నా ల్యాప్‌టాప్‌లో టెస్ట్ రన్ చేయాలంటే ఎలా?

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి చదవండి. జావాలో సిస్టమ్ క్లాస్‌లోని గెట్‌ఎన్వ్, పైథాన్‌లో ఓఎస్ మాడ్యూల్‌లోని ఎన్విరాన్, నోడ్‌లో ప్రాసెస్ డాట్ ఈఎన్‌వీ ఇందుకే ఉన్నాయి. ప్రతిసారీ టైప్ చేయడం విసుగైతే డాట్ ఈఎన్‌వీ ఫైల్ పెట్టుకోండి. దాని పేరు గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ళ జాబితా) చేర్చడం మొదటి పని, ఫైల్ సృష్టించడం రెండో పని. ఆ వరుస తప్పొద్దు, ఎందుకంటే ఒకసారి కమిట్ అయిన ఫైల్‌ని గిట్‌ఇగ్నోర్‌లో చేర్చినా గిట్ దాన్ని ట్రాక్ చేస్తూనే ఉంటుంది. విలువలు ఖాళీగా ఉంచిన నమూనా ఫైల్ ఒకటి మాత్రం కమిట్ చేయండి. కొత్తగా చేరినవాళ్ళకి ఏమేం కావాలో దాన్ని చూస్తే తెలుస్తుంది.

జావా వాళ్ళకి ఒక హెచ్చరిక. పాస్‌వర్డ్‌ని మేవెన్ కమాండ్ లైన్‌లో మైనస్ డీతో పంపే అలవాటు చాలామందికి ఉంది. అలా పంపితే అది షెల్ హిస్టరీలో ఉంటుంది, అదే మెషీన్‌లో ప్రాసెస్‌ల జాబితా చూసేవాళ్ళకి కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యం, మేవెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ రాసే ఎక్స్‌ఎంఎల్ రిపోర్ట్ పై భాగంలో సిస్టమ్ ప్రాపర్టీలన్నీ వచ్చి పడతాయి. మీ పాస్‌వర్డ్ కూడా అందులో ఉంటుంది. ఆ రిపోర్ట్‌ని జెంకిన్స్‌లో ఆర్కైవ్ చేస్తారు, మెయిల్‌కి అటాచ్ చేస్తారు. కోడ్‌లోంచి తీసేశామని నిశ్చింతగా ఉంటారు గానీ అది రోజూ మెయిల్‌లో తిరుగుతూనే ఉంటుంది.

వేరియబుల్ సెట్ చేయకపోతే టెస్ట్ ఏం చేయాలి?

మొదట్లోనే ఆగిపోవాలి, ఏ వేరియబుల్ లేదో పేరు చెప్పి మరీ ఆగిపోవాలి. దొరక్కపోతే వాడుకోమని ఒక డిఫాల్ట్ పాస్‌వర్డ్ కోడ్‌లో రాయడం చాలా చోట్ల చూస్తాం. దాంతో చేసిన పనంతా వృథా. ఏమీ చెప్పకుండా ఖాళీ పాస్‌వర్డ్‌తో ముందుకెళ్ళినా బాధే. అన్ని టెస్టులూ లాగిన్ దగ్గర ఫెయిలై, ఎకౌంట్ లాక్ అయి, కారణం వెతకడానికి సగం పూట పోతుంది.

పైప్‌లైన్‌లో ఎక్కడ దాచాలి?

పైప్‌లైన్ అంటే కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, టెస్టులు ఆటోమేటిక్‌గా నడిపే ఏర్పాటు. అందులో మీ దగ్గర ఇప్పటికే ఉన్నదాన్ని వాడండి. జెంకిన్స్ అయితే క్రెడెన్షియల్స్ స్టోర్, గిట్‌హబ్ యాక్షన్స్ అయితే సీక్రెట్స్, గిట్‌ల్యాబ్ అయితే మాస్క్ చేసిన వేరియబుల్స్, అజూర్ డెవ్‌ఆప్స్ అయితే వేరియబుల్ గ్రూపులు. పది రిపోజిటరీల్లో ఒకే పాస్‌వర్డ్ వాడుతుంటే హషికార్ప్ వాల్ట్, ఏడబ్ల్యూఎస్ సీక్రెట్స్ మేనేజర్, అజూర్ కీ వాల్ట్ లాంటి ఒకే చోటికి మారడం మేలు. పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఒక్క చోట మారిస్తే చాలు.

క్లౌడ్‌కి కనెక్ట్ కావడానికైతే శాశ్వత కీలే అక్కర్లేదు. గిట్‌హబ్ యాక్షన్స్ 2021 నుంచి ఓఐడీసీ పద్ధతిలో (క్లౌడ్‌కి తన గుర్తింపు నిరూపించుకుని) ఆ రన్ వరకే పనిచేసే టోకెన్ తీసుకునే వీలు ఇస్తోంది.

జెంకిన్స్ పైప్‌లైన్ రాసేవాళ్ళు కోట్స్ గురించి జాగ్రత్తగా ఉండాలి. షెల్ స్టెప్‌లో డబుల్ కోట్స్ వాడితే గ్రూవీయే పాస్‌వర్డ్ విలువను కమాండ్‌లో నింపి పంపుతుంది. సింగిల్ కోట్స్ వాడితే ఆ పని షెల్ చూసుకుంటుంది. మొదటిదానికి జెంకిన్స్ వార్నింగ్ కూడా చూపిస్తుంది. ఆ వార్నింగ్ అలవాటైపోయి చాలామంది పట్టించుకోరు.

ఫోర్క్ నుంచి పుల్ రిక్వెస్ట్ వస్తే లాగిన్ టెస్టులన్నీ ఫెయిల్ అవుతున్నాయి. ఎందుకు?

ఫోర్క్ అంటే వేరొకరు తమ ఎకౌంట్‌లో చేసుకున్న మీ రిపోజిటరీ కాపీ, పుల్ రిక్వెస్ట్ అంటే తమ మార్పులు కలుపుకోమని వాళ్ళు పంపే అభ్యర్థన. గిట్‌హబ్ కావాలనే మీ సీక్రెట్లు ఫోర్క్ నుంచి వచ్చిన రన్‌కి ఇవ్వదు. ఇస్తే, ముక్కూమొహం తెలియనివాళ్ళు టెస్ట్‌లో ఒక లైన్ మార్చి మీ పాస్‌వర్డ్‌ని తమ సర్వర్‌కి పంపుకోగలరు. దీన్ని దాటడానికి 'పుల్ రిక్వెస్ట్ టార్గెట్' అనే ట్రిగ్గర్ వాడి, అందులోనే ఫోర్క్ కోడ్‌ని చెకౌట్ చేసి నడపమనే సలహాలు అక్కడక్కడా కనిపిస్తాయి. వద్దు. అలాంటి పుల్ రిక్వెస్టుల్లో లాగిన్ అక్కర్లేని టెస్టులే నడపండి. మిగతావి మెర్జ్ ముందు మీ టీమ్ సభ్యులు కోడ్ చూశాక నడపాలి.

సీక్రెట్స్ స్టోర్‌లో పెట్టేశాం. ఇక టెన్షన్ లేదనుకోవచ్చా?

సగం తగ్గింది. కోడ్‌కవ్ సంగతి చూడండి. టెస్ట్ కవరేజీ రిపోర్టులు పంపడానికి టెస్టర్లు రోజూ వాడే టూల్ అది. 2021 జనవరి 31 నుంచి దాని అప్‌లోడ్ స్క్రిప్ట్‌లో ఎవరో ఒక లైన్ మార్చారు. ఆ స్క్రిప్ట్ నడిచిన ప్రతి పైప్‌లైన్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ బయటి సర్వర్‌కి వెళ్ళిపోయాయి. ఏప్రిల్‌లో ఒక కస్టమర్ స్క్రిప్ట్ హ్యాష్ (ఫైల్ మారిందో లేదో చెప్పే గుర్తు) సరిపోలడం లేదని గమనించేదాకా ఎవరికీ తెలియలేదు. 2023 జనవరిలో పైప్‌లైన్లు నడిపే సర్వీస్ సర్కిల్‌సీఐ తన కస్టమర్లందర్నీ దాచుకున్న సీక్రెట్లన్నీ మార్చుకోమంది, ఒక ఇంజినీర్ ల్యాప్‌టాప్‌లో చేరిన మాల్‌వేర్ వల్ల.

2025 మార్చిలో ఇంకోటి. 23 వేలకు పైగా రిపోజిటరీలు వాడే 'చేంజ్‌డ్ ఫైల్స్' అనే గిట్‌హబ్ యాక్షన్‌ని (పైప్‌లైన్‌లో వాడుకునే రెడీమేడ్ స్టెప్) మార్చేసి, సీక్రెట్లని రన్ లాగ్‌లోనే ప్రింట్ అయ్యేలా చేశారు. సీక్రెట్లని లాగ్‌లో నక్షత్రం గుర్తులుగా మార్చి దాచే ఏర్పాటు గిట్‌హబ్‌లో ఉంది కదా అంటారా, అది యథాతథంగా ఉన్న విలువనే గుర్తుపడుతుంది. వీళ్ళు రెండుసార్లు బేస్64 చేసి ప్రింట్ చేశారు, మాస్కింగ్ చూస్తూ ఊరుకుంది.

అందుకే టీముల్లో నేను మొదట అడిగేది 'ఎక్కడ దాచారు' అని కాదు, 'ఇవాళ మార్చాలంటే ఎంతసేపు పడుతుంది' అని. పావుగంట అంటే ఫర్వాలేదు. 'అది మారిస్తే ఏమేం ఆగిపోతాయో తెలియదు' అంటే మాత్రం ఎంత ఖరీదైన వాల్ట్ కొన్నా లాభం లేదు. ఒక్కో టెస్ట్ సూట్‌కి ఒక్కో ఎకౌంట్, దానికి కావలసినంత పర్మిషనే, ఇంకెవరూ ఆ ఎకౌంట్‌ని చేతితో వాడకూడదు. ఇంత ఉంటే మార్చడానికి భయం ఉండదు. థర్డ్ పార్టీ యాక్షన్లని వెర్షన్ ట్యాగ్‌తో కాకుండా పూర్తి కమిట్ హ్యాష్‌తో పిన్ చేయండి. పైన చెప్పిన సంఘటనలో ట్యాగ్‌లనే చెడ్డ కమిట్ మీదికి మళ్ళించారు.

కోడ్‌లో లేదు, లాగ్‌లో కనిపిస్తోంది. ఏం చేయాలి?

టెస్టర్లకి ప్రత్యేకమైన బాధ ఇదే. మన పనే ఏం జరిగిందో రికార్డు చేయడం, కాబట్టి మన టూల్స్ అన్నీ రికార్డు చేస్తాయి. పేజీలో పాస్‌వర్డ్ బాక్స్ చుక్కలు చూపించినా, ప్లేరైట్ ట్రేస్‌లో ఆ బాక్స్‌ని నింపిన స్టెప్ పక్కన అసలు విలువ కనిపిస్తుంది, నెట్‌వర్క్ ట్యాబ్‌లో లాగిన్ రిక్వెస్ట్ బాడీ ఉంటుంది. క్రోమ్‌డ్రైవర్ వెర్బోస్ లాగ్ ఆన్ చేస్తే సెండ్ కీస్‌తో పంపిన ప్రతి అక్షరం అందులో చేరుతుంది. రెస్ట్ అష్యూర్డ్‌లో లాగ్ ఆల్ పెడితే ఆథరైజేషన్ హెడర్ ప్రింట్ అవుతుంది. పైటెస్ట్‌లో షో లోకల్స్ ఆప్షన్ ఉంటే, టెస్ట్ ఫెయిలైన చోట లోకల్ వేరియబుల్స్ విలువలన్నీ రిపోర్ట్‌లోకి వస్తాయి. జావాలో లాంబాక్ డేటా యానొటేషన్‌తో యూజర్ క్లాస్ రాస్తే, దాని టూస్ట్రింగ్ పాస్‌వర్డ్‌ని కూడా కలిపే ఇస్తుంది.

చాలావాటికి మందు ఆ టూల్‌లోనే ఉంది. సైప్రెస్‌లో టైప్ కమాండ్‌కి లాగ్ ఫాల్స్ ఆప్షన్ ఇవ్వండి. రోబోట్ ఫ్రేమ్‌వర్క్ సెలీనియం లైబ్రరీలో ఇన్‌పుట్ టెక్స్ట్ బదులు ఇన్‌పుట్ పాస్‌వర్డ్ కీవర్డ్, బ్రౌజర్ లైబ్రరీలో ఫిల్ సీక్రెట్ వాడండి. రెస్ట్ అష్యూర్డ్ లాగ్ కాన్ఫిగ్‌లో హెడర్‌ని బ్లాక్‌లిస్ట్ చేయొచ్చు. అలూర్ రిపోర్టులో పారామీటర్‌ని మాస్క్ చేయొచ్చు. లాంబాక్‌లో ఆ ఫీల్డ్‌ని టూస్ట్రింగ్ నుంచి మినహాయించొచ్చు. ప్లేరైట్‌లో లాగిన్‌ని వేరే సెటప్ ప్రాజెక్టుగా విడదీసి, దానికి ట్రేస్ ఆపేయడం నాకు నచ్చిన దారి.

బగ్ రిపోర్టుకి జతచేసే హెచ్‌ఏఆర్ ఫైళ్ళు (బ్రౌజర్ నెట్‌వర్క్ రిక్వెస్టుల రికార్డు) కూడా మరిచిపోవద్దు. 2023లో లాగిన్ సేవలందించే కంపెనీ ఓక్టా సపోర్ట్ సిస్టమ్‌లోకి చొరబడినవాళ్ళకి ఉపయోగపడింది కస్టమర్లు అప్‌లోడ్ చేసిన ఆ ఫైళ్ళలోని సెషన్ టోకెన్లే. అక్కడ పాస్‌వర్డ్ అవసరమే రాలేదు.

ప్రతి టెస్ట్‌లోనూ లాగిన్ కావాలా?

అక్కర్లేదు. ఒకసారి లాగిన్ అయి, సెషన్‌ని సేవ్ చేసుకుని మిగతా టెస్టుల్లో వాడుకోవచ్చు. ప్లేరైట్‌లో స్టోరేజ్ స్టేట్, సైప్రెస్‌లో సెషన్ కమాండ్ ఇందుకే ఉన్నాయి. టెస్టులు వేగంగా నడుస్తాయి, పాస్‌వర్డ్ తాకే కోడ్ ఒక్క చోటికి పరిమితమవుతుంది. సేవ్ చేసిన ఆ జేసన్ ఫైల్ మాత్రం గడువు తీరేదాకా పాస్‌వర్డ్‌తో సమానం, కాబట్టి దాని ఫోల్డర్ కూడా గిట్‌ఇగ్నోర్‌లో ఉండాలి.

ఓటీపీ అడిగే లాగిన్‌ని ఎలా ఆటోమేట్ చేయాలి?

అథెంటికేటర్ యాప్ తరహా కోడ్ అయితే అది టీఓటీపీ. ఒక రహస్య బీజం, ప్రస్తుత సమయం కలిపి సాధారణంగా 30 సెకన్లకొక కోడ్ లెక్కకడుతుంది. టెస్ట్‌లో లైబ్రరీతో అదే లెక్క కట్టొచ్చు. అప్పుడు ఆ బీజాన్ని కూడా పాస్‌వర్డ్‌లాగే దాచాలి. వీలైతే రెండూ ఒకే చోట వద్దు. ఎస్‌ఎంఎస్ ఓటీపీ అయితే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఎస్‌ఎంఎస్ గేట్‌వే బదులు నకిలీ సర్వీస్ పెట్టమని డెవలపర్లని అడగండి. ఎప్పుడూ పనిచేసే 'మాస్టర్ ఓటీపీ' ఒకటి కోడ్‌లో రాసి, అది ప్రొడక్షన్ బిల్డ్‌లోకీ వెళ్ళిపోవడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

యూనిట్ టెస్టుల్లో ఉత్తుత్తి పాస్‌వర్డ్‌లు కూడా తీసేయాలా?

అక్కర్లేదు. పాస్‌వర్డ్ పొడవు సరిచూసే ఫంక్షన్‌కి రాసే టెస్ట్‌లో ఏదో ఒక స్ట్రింగ్ రాయక తప్పదు. అది ఏ సిస్టమ్‌లోనూ పనిచేయకూడదు, చూడగానే ఉత్తుత్తిదని తెలియాలి, అంతే. టెస్ట్ కంటైనర్స్ అనే లైబ్రరీతో లేచి, టెస్ట్ అయిపోగానే పోయే డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా ఇలాంటిదే.

ఇప్పటికే కమిట్ చేసేశాం. ఇప్పుడెలా?

ముందు పాస్‌వర్డ్ మార్చండి. హిస్టరీ శుభ్రం చేయడం ఆ తర్వాత. చాలామంది కంగారులో తలకిందులుగా చేస్తారు, ఆ లైన్ తీసేసి కొత్త కమిట్ వేస్తే పోయిందనుకుంటారు. పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. గిట్ ఫిల్టర్ రిపో, బీఎఫ్‌జీ లాంటి టూల్స్ హిస్టరీని తిరగరాస్తాయి గానీ, ఇతరుల క్లోన్లలో, ఫోర్కుల్లో ఉన్నదాన్ని చెరపలేవు. పబ్లిక్ రిపోజిటరీలను బాట్లు నిరంతరం జల్లెడ పడుతుంటాయి కాబట్టి అక్కడ పడింది ఎవరికో దొరికిందనే అనుకోవాలి. తర్వాత, ఆ ఎకౌంట్ లాగిన్ రికార్డులు తీసి, మీ పైప్‌లైన్ కాని చోటి నుంచి ఎవరైనా వచ్చారేమో చూడండి.

మీ పై అధికారికి వెంటనే చెప్పండి. ఇండియాలో డేటా లీక్ లాంటి సంఘటనలు తెలిసిన 6 గంటల్లోగా ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలని 2022 ఏప్రిల్ ఆదేశాలు చెబుతున్నాయి. తగిన భద్రత ఏర్పాట్లు చేయకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని 2023 డేటా పరిరక్షణ చట్టంలో ఉంది. చెప్పాలా వద్దా అని మీరు రెండు రోజులు ఆలోచించే వ్యవధి కంపెనీకి ఉండదు.

స్కానర్ పెడితే చాలా?

కోడ్‌లో సీక్రెట్లు వెతికే గిట్‌లీక్స్, ట్రఫుల్‌హాగ్, డిటెక్ట్ సీక్రెట్స్ లాంటివి మంచివే. ప్రీ-కమిట్ హుక్‌లో (కమిట్‌కి ముందు నడిచే స్క్రిప్ట్) ఒకటి, పైప్‌లైన్‌లో ఒకటి పెట్టండి. గిట్‌హబ్ కూడా 2024 నుంచి పబ్లిక్ రిపోజిటరీల్లోకి తెలిసిన రకం టోకెన్ పుష్ చేస్తే డిఫాల్ట్‌గా ఆపుతోంది. కానీ ఇవి ప్రధానంగా ఒక ఆకారం ఉన్న కీలని పట్టుకుంటాయి. ఏడబ్ల్యూఎస్ కీ మొదటి అక్షరాలు చూసి గుర్తుపట్టొచ్చు. టెస్టర్లు పెట్టే 'వెల్‌కమ్ ఎట్ 123' తరహా పాస్‌వర్డ్ మామూలు పదంలాగే ఉంటుంది కాబట్టి తప్పించుకుపోవచ్చు. దానికి మనిషి కన్నే కావాలి.

కొత్తగా చేరినవాళ్ళకి పాస్‌వర్డ్ ఎలా ఇవ్వాలి?

వాట్సాప్ గ్రూపులో, టీమ్స్ చాట్‌లో, ఆన్‌బోర్డింగ్ వికీ పేజీలో కాదు. టీమ్‌కి పాస్‌వర్డ్ మేనేజర్ ఉంటే అందులో షేర్ చేయండి. ఇంకా మంచిది, కొత్తవాళ్ళకి సొంత టెస్ట్ ఎకౌంట్ ఇచ్చి పైప్‌లైన్ ఎకౌంట్ పాస్‌వర్డ్ అసలు చెప్పకపోవడం. ఎవరైనా మానేసినప్పుడు వాళ్ళ ఎకౌంట్ ఒక్కటి ఆపితే చాలు. ఏఐ అసిస్టెంట్‌కి ఎర్రర్ లాగ్ పేస్ట్ చేసే ముందు కూడా ఒకసారి పైనుంచి కిందికి చదవమని వాళ్ళకి చెప్పండి.

మేనేజర్ దీనికి టైమ్ ఇవ్వడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

వేరే స్టోరీ రాసి స్ప్రింట్‌లో చోటు అడిగితే అది బ్యాక్‌లాగ్‌లోనే ఉండిపోతుంది. మీరు ఎలాగూ తెరుస్తున్న ఫైల్‌తో మొదలుపెట్టండి. చాలా ఫ్రేమ్‌వర్కుల్లో పాస్‌వర్డ్ చదివేది కాన్ఫిగ్ రీడర్ అనే ఒక్క క్లాసే. ఆ క్లాస్ ముందు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూసేలా, లేకపోతే తాత్కాలికంగా పాత ఫైల్ చూసి వార్నింగ్ ప్రింట్ చేసేలా మార్చండి. ఎవరి టెస్టులూ ఆగవు. పైప్‌లైన్‌లో వేరియబుల్ సెట్ చేసి, వార్నింగ్ రావడం ఆగాక పాత ఫైల్ చూసే భాగం తీసేయండి. అదే రోజు పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే పాతది హిస్టరీలో ఇంకా ఉంది.